ఊరికే వచ్చే సలహా, బిల్లులో తేలే మందు

నేను రెండేళ్లు బందరులో ఒక ఆక్వా మందుల కొట్టులో పనిచేశాను. డిగ్రీ అయ్యాక వేరే ఉద్యోగం దొరకలేదు. బండి ఉంది, ఊళ్లు తెలుసు, ఆ రెండూ చాలన్నారు. నా పని పేరు 'టెక్నీషియన్'. పొద్దున్నే బ్యాగులో నాలుగైదు డబ్బాలు, ఒక పీహెచ్ కిట్టు వేసుకుని చెరువుల మీదికి పోవడం, రైతు చెక్ ట్రే ఎత్తి చూపిస్తే రొయ్యని వెలుతురుకి పెట్టి చూడటం, ఏదో ఒకటి చెప్పడం. ఆ చెప్పినదానికి రైతు నాకు రూపాయి ఇచ్చేవాడు కాదు, నేను అడిగేవాణ్ని కాదు. సలహా ఫ్రీ. సాయంత్రం కొట్టుకి వచ్చాక మా ఓనరు అడిగే ప్రశ్న ఒకటే: "ఇవ్వాళ ఎన్ని డబ్బాలు దిగినయ్?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. మా ఓనరు చెడ్డవాడేం కాదు. పండక్కి బట్టలు పెట్టేవాడు, చెరువు పోయిన రైతు దగ్గర బాకీ ఒత్తిడి చెయ్యకుండా ఆగిన రోజులూ ఉన్నాయి. నేనూ కావాలని ఎవర్నీ ముంచలేదు. అయినా మా చేతుల మీదుగానే పోకూడని మందు చెరువుల్లోకి పోయింది. అది ఎట్లా జరుగుద్దో లోపల ఉండి చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఆ పొట్లం ఇచ్చింది నేనే

నాగాయలంక దగ్గర మా బాబాయి మూడెకరాల చెరువు లీజుకి చేస్తాడు. వనామీ. సీడ్ వేసి యాభై రోజులు దాటాక ఒక పొద్దున ఫోన్ చేశాడు. "అబ్బాయ్, నీళ్ల మీద తెల్లగా దారాలు తేలతన్నయ్. మేత కూడా సరిగా తినట్లా. ఒకసారి రా."

వెళ్లి చూస్తే వైట్ గట్. రొయ్య పేగు తెల్లబడుద్ది, రెట్ట తెల్లటి దారాల్లా నీటి మీద తేలుద్ది. కొట్టుకి ఫోన్ చేశాను. "ఆ వెండి పొట్లం ఇచ్చెయ్, మేతలో కలిపి ఐదు రోజులు వెయ్యమను" అన్నారు. పొట్లం మీద పెద్ద అక్షరాల్లో 'గట్ టానిక్' అని ఉంది. లోపల ఏముందో ఎక్కడా రాయలేదు. నేనూ అడగలేదు, బాబాయీ అడగలేదు. ఐదు రోజులు వేశాడు. దారాలు తగ్గినయ్. ఇద్దరం సంతోషించాం.

పట్టుబడికి ముందు కొనేవాళ్లు శాంపిల్ పట్టుకెళ్లారు. తర్వాత ఫోన్ వచ్చింది. నైట్రోఫ్యూరాన్ అవశేషం కనపడింది, ఈ సరుకు మాకొద్దు అన్నారు. చివరికి ఇంకో వ్యాపారి వచ్చి, ఆ కౌంటుకి పలికే రేటు మీద బాగా తగ్గించి ఎత్తుకెళ్లాడు. బాబాయి నన్ను తిట్టలేదు. "నువ్వు చెప్పావనే వేశాను రా" అని ఒక్క మాట అన్నాడు. తిడితేనే బాగుండేది.

రొయ్యని పీసీఆర్ పరీక్షకి పంపడం మాకు అప్పుడు గుర్తొచ్చింది. అందులో ఈహెచ్‌పీ అని తేలింది. ఈహెచ్‌పీ అనేది బ్యాక్టీరియా జాతి కాదు, శిలీంధ్రాలకి దగ్గరి చుట్టం లాంటి ఒక పరాన్నజీవి. రొయ్య కాలేయంలో చేరి దాన్ని ఎదగనివ్వదు. ఏ యాంటీబయాటిక్ వేసినా అది పోదు. వైట్ గట్‌లో చాలాసార్లు దానికి విబ్రియో బ్యాక్టీరియా కూడా తోడవుద్ది, అందుకే మందు వేసిన నాలుగు రోజులు తగ్గినట్టు కనపడుద్ది. అసలు రోగం అక్కడే ఉంటది. బాబాయి డబ్బు పోయింది, రొయ్య రేటు పోయింది, రోగం పోలా.

ఇక్కడ ఇంకో విషయం. ఎగుమతికి పనికిరాదన్న ఆ రొయ్య చెత్తకుప్పలోకి పోలేదు. ఏదో ఒక ఊళ్లో కూరైంది. దాన్ని తిన్నవాళ్ల కోసం ఎవరూ పరీక్ష చెయ్యలేదు.

యాంటీబయాటిక్ ఏం చేస్తది, ఏం చెయ్యదు

యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాని మాత్రమే. వైరస్ మీద దానికి పని లేదు. రొయ్యల్లో వైట్ స్పాట్ వైరస్. గేదెల్లో గాలికుంటు వైరస్, ముద్ద చర్మం వైరస్. కోళ్లలో కొక్కెర తెగులు వైరస్. చేపలకి పట్టే పేను చిన్న పురుగు. వీటిల్లో దేనికీ యాంటీబయాటిక్ విరుగుడు కాదు. పుండ్లు పడి వాటిలో బ్యాక్టీరియా చేరితే అప్పుడు డాక్టరు వాడొచ్చు, అది వేరే లెక్క.

మరి ఎక్కడ కావాలి? గొంతువాపు వస్తే కావాలి, అదీ గంటల్లో కావాలి. జబ్బవాపుకి కావాలి. పొదుగువాపు ముదిరితే కావాలి. ఇవి బ్యాక్టీరియా జబ్బులు, ఆలస్యం చేస్తే పశువు దక్కదు. అందుకే యాంటీబయాటిక్‌ని తిట్టుకోవడం తెలివి తక్కువ. అది పనిచెయ్యాల్సిన రోజున పనిచెయ్యాలంటే, పని లేని రోజున దాన్ని ముట్టుకోకూడదు.

ఎందుకంటే బ్యాక్టీరియా నేర్చుకుంటది. ఒక చెరువులో కోట్లకి కోట్లు ఉంటాయి. మందు పడగానే బలహీనమైనవి చస్తాయి, ఏ కొన్నో తట్టుకుని మిగులుతాయి. ఆ మిగిలినవే మళ్లీ పెరుగుతాయి. పైగా అవి తట్టుకునే గుణాన్ని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా అందించగలవు, స్లిప్పు అందించినట్టు. చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకి వదులుతాం. డ్రెయిన్‌లో పిల్లలు దిగుతారు, గేదెలు దిగుతాయి, పక్క చెరువు రైతు అదే నీళ్లు తోడుకుంటాడు. మన దివిసీమలో నీళ్లకి గోడలు లేవు. చెరువులో మొదలైన మొండితనం ఆస్పత్రి మంచం దాకా వచ్చే దారి ఇదే.

2019లో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా చనిపోయినవాళ్లు ప్రపంచం మొత్తం మీద దాదాపు 12 లక్షల 70 వేల మంది అని ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. ఆ పాపమంతా పశువుల మందులది కాదు. మనుషులకి అడ్డగోలుగా వాడిందీ అందులో ఉంది. అయితే ఒక మందు కథ వినండి. కొలిస్టిన్ అని, ఆస్పత్రుల్లో ఐసీయూలో ఇంకేదీ పనిచెయ్యనప్పుడు చివరి ఆయుధంగా తీసే మందు. దాన్నే కోళ్ల దాణాలో బరువు పెరగడానికి కలిపేవాళ్లు. దాన్ని తట్టుకునే, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకే జన్యువు పందుల్లో, మాంసంలో, మనుషుల్లో కనపడిందని 2015లో చైనా నుంచి వార్త వచ్చింది. మన కేంద్రం 2019 జూలైలో పశువులకి, కోళ్లకి, చేపలకి కొలిస్టిన్ అమ్మకాన్ని నిషేధించింది.

మూడు ముళ్లు

ఇప్పుడు అసలు సంగతి. రైతుకి తెలియక వాడతాడు అంటారు. టెక్నీషియన్‌కి చదువు లేదంటారు. రెండూ కొంత నిజమే. కానీ నాకు తెలిశాక కూడా నేను ఆరు నెలలు అదే పని చేశాను. ఎందుకు చేశానో చెప్తాను.

మొదటి ముడి: చెప్పేవాడూ అమ్మేవాడూ ఒకడే. వైట్ గట్‌కి సరైన సలహా ఏంటంటే మేత తగ్గించు, ఏరియేటర్ ఇంకో రెండు గంటలు తిప్పు, అడుగున పేరుకున్న మడ్డి తీయించు, రొయ్యని ల్యాబుకి పంపు. ఈ నాలుగింట్లో కొట్టుకి మిగిలేది ఏముంది? ఏమీ లేదు. పైగా మేత తగ్గించమంటే మేత బస్తాల అమ్మకం కూడా పడిపోద్ది. అంటే మంచి సలహా చెప్పినవాడికి నష్టం, డబ్బా ఇచ్చినవాడికి లాభం. నాకు నెలకో టార్గెట్ ఉండేది. పది పెట్టెలు దిగితే ఒక పెట్టె ఫ్రీ. ఏడాది చివర బాగా అమ్మిన కొట్టుకి విదేశీ టూరు. "ఏం వెయ్యక్కర్లేదు బాబాయ్, నాలుగు రోజులు చూడు" అని చెప్పిన రోజున నా లెక్కలో సున్నా పడేది.

రెండో ముడి: అరువిచ్చేవాడూ వాడే. కౌలు చెరువుకి బ్యాంకులో అప్పు పుట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. చేపల సాగుకీ పశువులకీ కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తామని 2018 బడ్జెట్‌లోనే చెప్పారు గానీ, కాగితం లేని కౌలుదారుడికి అది అందడం గగనం. కాబట్టి మేత అరువు, మందు అరువు, లెక్క పట్టుబడి రోజున. డబ్బా మీద ఎంఆర్‌పీ ఒకటి, నగదు రేటు ఒకటి, అరువు రేటు ఇంకొకటి. బాకీ ఉన్న రైతు "ఈ మందు నాకొద్దు" అనలేడు. అంటే రేపు మేత బస్తా ఆగిపోద్దని భయం. మా బాబాయి పొట్లంలో ఏముందని అడక్కపోవడానికి నా మీద నమ్మకం ఒక కారణం. కొట్టు పుస్తకంలో ఆయన పేరు మీదున్న అంకె రెండో కారణం.

మూడో ముడి మనదే. సలహాకి మనం డబ్బులివ్వం, సూదికైతే ఇస్తాం. ఇది గేదెల దగ్గర ఇంకా బాగా కనపడుద్ది.

అమ్మ పారబొయ్యని పాలు

మోపిదేవి దగ్గర మా ఇంట్లో రెండు గేదెలు. ఒకసారి పెద్ద గేదెకి పొదుగువాపు వచ్చింది. ప్రభుత్వ డాక్టరు నాలుగు ఊళ్లకి ఒక్కడు, ఆ రోజు ఇంకెక్కడో ఉన్నాడు. మందుల సంచి తగిలించుకుని ఊళ్లు తిరిగే మనిషి వచ్చాడు. మంచివాడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. పాలు పిండి చూడలేదు, శాంపిల్ తియ్యలేదు. ఒక సూది వేశాడు. మర్నాడు తగ్గలేదని ఇంకో రకం వేశాడు. మూడో రోజు మూడోది.

ఆయన వైపు నుంచి చూడండి. పది కిలోమీటర్లు బండి మీద వచ్చాడు. "అమ్మా, వేడినీళ్లతో కాపడం పెట్టి, గంట గంటకీ పూర్తిగా పిండెయ్, పాల శాంపిల్ పరీక్షకి పంపు, ఏ మందో రేపు చెప్తా" అని వెళ్లిపోతే మా అమ్మ ఆయనకి ఎంత ఇచ్చేది? మంచినీళ్లు ఇచ్చేది. సూది వేస్తే మూడొందలు. ఆయన బతుకుతెరువు సూదిలో ఉంది, నోటిమాటలో లేదు. మనమే ఆ ఏర్పాటు చేశాం.

నిజానికి చట్టం ప్రకారం పశువులకి వైద్యం చెయ్యాల్సింది రిజిస్టర్ అయిన వెటర్నరీ డాక్టరు. 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం ఆ మాట చెప్తది. డిప్లొమా చేసినవాళ్లు డాక్టరు పర్యవేక్షణలో చిన్న చిన్న సేవలు చెయ్యొచ్చు. మూడు రోజుల్లో మూడు యాంటీబయాటిక్‌లు మార్చడం చిన్న సేవ కిందికి రాదు.

ఆ మూడు రోజులూ, ఆ తర్వాతా ఆ పాలు ఏమైనయ్? అమ్మ పారబొయ్యలేదు. కేంద్రంలో పోసింది. వారం రోజుల పాల డబ్బులంటే మా ఇంట్లో కరెంటు బిల్లు, తమ్ముడి బస్సు పాసు. ఆమెని నేను తప్పు పట్టలేను. కానీ ఆ పాలు ఎవరో ఒక పసిబిడ్డ తాగి ఉంటది, అది కూడా నేను మర్చిపోలేను.

లేబుల్ మీద ఒక అంకె

దీనికి రూల్ ఉంది, మనలో చాలామందికి తెలియదు. 2012లో ఔషధ నిబంధనల్లో ఒక మార్పు చేశారు. మనం తినే పశువులకీ చేపలకీ వాడే ప్రతి మందు మీదా, ఆఖరి డోసు వేశాక ఎన్నాళ్లు ఆగి పాలు, గుడ్లు, మాంసం వాడాలో రాయాలి. ఆ మందుకి విడిగా పరీక్షించి తేల్చిన గడువు లేకపోతే పాలకీ గుడ్లకీ తక్కువలో తక్కువ 7 రోజులు, మాంసానికి 28 రోజులు, చేపకి 500 డిగ్రీ-రోజులు.

ఈ డిగ్రీ-రోజులు ఏంటంటే, నీటి వేడిని రోజులతో గుణించాలి. చెరువు నీళ్లు 28 డిగ్రీలుంటే 18 రోజులు. చలికాలం 25కి దిగితే 20 రోజులు. చల్లని నీటిలో చేప ఒంట్లోంచి మందు నిదానంగా పోద్ది, అందుకని ఆ లెక్క.

ఈ గడువు అనుమతి ఉన్న మందుల సంగతి. కొన్నిటికి గడువే లేదు, అసలు వాడకూడదు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రొయ్యల సాగులో నిషేధించిన 20 రకాల జాబితాలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ముందు వరసలో ఉంటాయి. 2025 మార్చిలో కేంద్రం ఇంకో అడుగు వేసి, తిండికి పెంచే ఏ జీవికైనా ఈ రెంటితో చేసిన మందుల తయారీ, అమ్మకం కూడా ఆపేసింది. క్లోరాంఫెనికాల్ కొంతమంది మనుషుల్లో ఎముక మజ్జని దెబ్బతీసి, రక్తం తయారు కాకుండా చేస్తది. అరుదే, కానీ ఎంత తక్కువ మోతాదైతే ఫరవాలేదో చెప్పలేరు. నైట్రోఫ్యూరాన్ అయితే ఒంట్లో త్వరగానే విరిగిపోద్ది, కానీ విరిగిన ముక్కలు కండకి అతుక్కుని వారాల తరబడి ఉంటాయి. ల్యాబు పట్టేది ఆ ముక్కల్నే. యూరప్‌లో ఇప్పుడు ఆ ముక్కలకి గీసిన గీత కిలోకి 0.5 మైక్రోగ్రాము. అంటే వెయ్యి టన్నుల రొయ్యలో అర గ్రాము. "కొంచెమే వేశాం కదా" అన్న మాట అక్కడ చెల్లదు.

2016లో యూరప్ మన సాగు రొయ్య మీద నమ్మకం తగ్గి, దిగే సరుకులో పరీక్షించే వాటాని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అప్పటికే ఎంపెడా పట్టుబడికి ముందు పరీక్ష పెట్టింది, సర్టిఫికెట్ లేకపోతే యూరప్‌కి సరుకు కదలదు. రొయ్య రైతుకి భయం అక్కణ్నుంచే వచ్చింది. మంచిదే.

ఇప్పుడు గుడివాడ వైపు రండి. నందివాడ చెరువుల్లో బొచ్చె, శీలావతి, ఫంగస్. సంచులకి చిల్లులు పెట్టి తౌడు, చెక్క కట్టి వేలాడదీస్తారు. మందు కూడా అదే సంచిలోకి పోద్ది. ఈ చేప ఐసులో సర్దుకుని లారీల మీద బెంగాల్, అస్సాం పోద్ది, కొంత మన సంతలోకి వస్తది. యూరప్ పోదు కాబట్టి పట్టుబడి ముందు ఎవరూ ముక్క కోసి పరీక్షించమని అడగరు. నేను ఆ చెరువుల మీదికి కూడా తిరిగాను. రొయ్య చెరువు మీద "ఇందులో యాంటీబయాటిక్ లేదు కదా" అని ఒక్కడైనా అడిగేవాడు. చేప చెరువు మీద ఆ రెండేళ్లలో నన్ను ఎవ్వరూ అడగలేదు. ఇదేం న్యాయం? తెల్లోడి పళ్లానికి ఒక పరీక్ష, మన పళ్లానికి ఇంకొకటా?

ముడి విప్పినవాళ్లు ఉన్నారు

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. డెన్మార్క్‌లో 1990ల మొదట్లో పశువుల డాక్టర్లే మందులు అమ్మేవాళ్లు, వాళ్ల రాబడిలో అది పెద్ద ముక్క. 1995లో అక్కడి ప్రభుత్వం మందు మీద డాక్టరుకి మిగిలే లాభాన్ని బాగా కుదించింది. సలహాకి ఫీజు తీసుకో, మందు రైతు మందుల షాపులో కొనుక్కుంటాడు అంది. 1994కీ 1996కీ మధ్య పశువులకి వైద్యం పేరున వాడే యాంటీబయాటిక్ దాదాపు సగానికి పడిపోయింది. రెండేళ్లలో పశువుల రోగాలు సగమైపోలేదు కదా. మారింది లాభం ఎటు పోద్దన్న లెక్క ఒక్కటే. తర్వాత అక్కడ వాడకం మళ్లీ కొంత పెరిగితే 2010లో పందుల ఫారాలకి 'ఎల్లో కార్డు' పెట్టారు. పరిమితి దాటిన ఫారానికి హెచ్చరిక, మారకపోతే ఖర్చు రైతు నెత్తిన.

నెదర్లాండ్స్ ఇంకో దారి పట్టింది. అక్కడ డాక్టర్లు ఇప్పటికీ మందులు అమ్ముతారు. కానీ ఏ ఫారంలో ఎంత వాడారు, ఏ డాక్టరు ఎంత రాశాడు అన్నది అంతా లెక్కలోకి వస్తది, పక్కవాడితో పోల్చి చూస్తారు. 2009తో పోలిస్తే వాడకం దాదాపు 70 శాతం తగ్గింది. కాబట్టి అమ్మకాన్ని విడదియ్యడమే ఏకైక మార్గమని నేను అనను. అమ్మినా సరే, ఎంత అమ్మాడో నలుగురికీ కనపడాలి.

నార్వే కథ మన చేపల రైతుకి దగ్గర. 1987లో సాల్మన్ చేపలకి ఏడాదికి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్ పోసేవాళ్లు. చేపకి టీకా వేసే పద్ధతి వచ్చాక 1990ల మధ్యకే అది ఒకటి రెండు టన్నుల్లోకి పడింది. అదే సమయంలో చేపల దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. రొయ్యకి అట్లాంటి టీకా లేదు. రొయ్యకి మంచి సీడ్, శుభ్రమైన నీళ్లు, తక్కువ సాంద్రతే టీకా.

మరి మనం?

"డాక్టరు దొరకడు, ల్యాబు దూరం, చెరువు ఇవ్వాళే పోయేట్టుంది, నీ నీతులు ఎవడికి కావాలి" అని మీరు అనొచ్చు. న్యాయమైన మాటే. నిషేధం కాగితం మీద రాస్తే సరిపోదు, ఆ మందు లేబుల్ మార్చుకుని 'టానిక్' అని వస్తదని నేను కళ్లారా చూశాను. అందుకే మన చేతిలో ఉన్నవి చెప్తాను.

డబ్బా చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఉన్న మందు పేరేంటి? ఇది ఏ క్రిమిని చంపుద్ది, ఆ క్రిమి మా చెరువులో ఉందని ఎట్లా తెలిసింది? వేశాక ఎన్ని రోజులు ఆగాలి? జవాబు లేని డబ్బా చెరువులో పడకూడదు. మందు పేరు, బ్యాచ్ నంబరు వేసి బిల్లు రాయించుకోండి. బిల్లు ఇవ్వనంటే అదే మీకు జవాబు. ఫోన్‌లో లేబుల్ ఫొటో తీసి పెట్టుకోండి, రేపు సరుకు వెనక్కొస్తే మీ దగ్గర ఆధారం ఉంటది.

గేదెకైతే 1962కి ఫోన్ చెయ్యండి, సంచార పశువైద్యం బండి వస్తది. మీ సచివాలయంలో పశుసంవర్ధక సహాయకుడు ఉంటాడు, ఆయన్ని ముందు అడగండి. గాలికుంటు, గొంతువాపు టీకాలు ఊళ్లోకి వచ్చినప్పుడు గేదెని దాచకండి. టీకా వేస్తే పాలు తగ్గుతాయని దాచేవాళ్లు ఇంకా ఉన్నారు.

సలహాకి డబ్బులిచ్చే అలవాటు మనం మొదలుపెట్టాలి. ఒక కాలవ మీద పది మంది రైతులు కలిసి, ఏ కొట్టుతోనూ ఏ కంపెనీతోనూ సంబంధం లేని ఒక కుర్రాణ్ని నెలజీతానికి పెట్టుకోవచ్చు. మన భావదేవరపల్లిలోనే ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది, గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది. అక్కడ చదివి వచ్చినవాళ్లకి ఇప్పుడు ఎక్కువగా దొరికేది నేను చేసిన ఉద్యోగమే, డబ్బాలు దింపే ఉద్యోగం. జీతం మనం ఇస్తే మాట మన వైపు చెప్తారు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి రెండు. ఏ కొట్టులో ఎంత యాంటీబయాటిక్ అమ్ముడైందో లెక్క రాయించి, మండలం వారీగా బయట పెట్టాలి. ఎగుమతి రొయ్యకి చేసే పరీక్షలో కొంతైనా మన సంతలో చేపకీ, మన కేంద్రంలో పాలకీ చెయ్యాలి. దొరికినప్పుడు రైతు ఒక్కణ్నే బలిచెయ్యకుండా, ఆ పొట్లం ఎక్కడ తయారైందో అక్కడిదాకా పోవాలి.

నేను ఆ కొట్టు మానేసి మూడేళ్లయింది. మొన్న బాబాయి మళ్లీ ఫోన్ చేశాడు, రొయ్య మేత తినట్లేదని. వెళ్లి చూశాను. మేత సగానికి తగ్గించమన్నాను, ఏరియేటర్ తిప్పమన్నాను, పది రొయ్యలు కవర్లో వేసి ల్యాబుకి పంపించాను. ల్యాబు ఫీజు ఆయనే కట్టాడు, గొణుక్కుంటూనే కట్టాడు. బయలుదేరేటప్పుడు నా జేబులో రెండొందలు పెట్టాడు.

"ఇదెందుకు బాబాయ్?" అన్నాను.

"ఏ డబ్బా అమ్మకుండా చెప్పావు కదరా, మాటకి" అన్నాడు.

వద్దనలేదు. తీసుకున్నాను.